మూడో ప్రకటన

“గుడిల లేసి నిలబడ్డదానివి, ఇంట్ల నోరు తెరవవేందే?”

వంటింటి గడప మీద నిలబడి అడుగుతున్నాడు ప్రభుదాసు పాస్టరు. లోపల ఎస్తేరు కత్తిపీట ముందు కూర్చుని బీరకాయల చెక్కు తీస్తోంది. ఆరాధన ముగిసి, జనం ఇళ్ళకు చేరి, తిని, కునుకు తీసే వేళ అది. పాస్టరు గారింట్లో మాత్రం ఇంకా పొయ్యి వెలగలేదు.

“నిన్నే అడుగుతాన!”

“అభ్యంతరం ఉన్నోళ్ళు చెప్పుమని మీ బిడ్డనే అడిగింది. ఉన్నది, లేసిన. మల్ల ఇంట్ల గూడ లేవాల్నా?”

ముందుగదిలో హెప్సిబా తెల్లంగీ విప్పకుండానే కుర్చీలో కూలబడి ఉంది. పాస్టరుగా పట్టం పుచ్చుకుని ఏడాది కూడా నిండలేదు. పెండ్లిళ్ళు చేసే లైసెన్సు మొన్న మొన్ననే చేతికొచ్చింది. ఇదే ఆమె చేయబోయే మొదటి పెండ్లి. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ఆ ఇద్దరి పేర్లూ గుడిలో ప్రకటించి, “ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలుపవలెను” అని అడగాలి. మొదటి ఆదివారం అడిగితే దగ్గు కూడా వినబడలేదు. రెండో ఆదివారం, అంటే ఈ పొద్దున, అడిగితే మూడో వరుసలోంచి కన్నతల్లే లేచింది.

అదీ ఎవరి పెండ్లికి? పెండ్లికొడుకు అభిషేక్ ఈ ఇంటి పెద్దల్లుడే. పెద్దకూతురు ప్రసన్న మూడేళ్ళ కింద జ్వరంతో పోయింది. ఆమె కన్న షారోను ఈ ఇంట్లోనే, అమ్మమ్మ పక్కలోనే పడుకుని పెరుగుతోంది. ఇన్నాళ్ళకు అభిషేక్ కాజీపేట రైల్వే గార్డు గారి కూతురు శోభారాణిని చేసుకుంటానంటే, మామే ముందు నిలబడి సరే అన్నాడు. “ప్రసన్న మెడల పుస్తె కట్టించిన చేతులివి. మల్ల అదే పిలగానితోని ఇంకో మెడల కట్టియ్యలేను. నువ్వే చెయ్యి బిడ్డా” అని చిన్నకూతురికి అప్పజెప్పాడు.

తండ్రి మోయలేని బరువు కూతురికి మాత్రం దూదిపింజె ఎట్లా అవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో హెప్సిబాను అడిగి చేసే పనులు ముందునుంచీ తక్కువే.

“సంఘం ముంగట నా ఇజ్జత్ తీసినవ్,” అన్నాడు ప్రభుదాసు.

“ఇజ్జత్ మీ ఒక్కరిదేనా? నా బిడ్డ పోయి మూడేండ్లు గాలే, అప్పుడే...”

“మూడేండ్లయింది.”

“నాకు గాలే.”

ఆ మాటకు ఆయన గొంతు సవరించుకున్నాడు. గుడిలో వాక్యం చెప్పేముందు సవరించుకున్నట్టే.

“కారణం చెప్పు. వానికి ఇంకో పెండ్లాం బతికున్నదా? వరుస కుదరదా? ఆ పిల్లకు ఈడు రాలేదా? ఎవలన్న బెదిరించి చేస్తాండ్రా? వీటిల ఏదన్న ఉంటె చెప్పు. లేకుంటె అది అభ్యంతరం గాదు, ఏడుపు.”

“ఏడుపే. ఏడుపు అభ్యంతరం కిందికి రాదని ఏ పుస్తకంల రాసున్నది?”

బీరకాయ ముక్కలు గిన్నెలో పడుతున్నాయి. పెరట్లో షారోను ఎవరితోనో ఆడుకుంటూ తనే గెలిచానని కేకలు పెడుతోంది.

“హెప్సీ, ఇటు రా,” పిలిచాడు తండ్రి. “లైసెన్సు నీది. ప్రకటన నువ్వు చదివినవ్. ఏం జేస్తవో నువ్వే చెప్పు.”

ఆమె లేచి వచ్చింది. తల్లి వైపు చూడకుండా చెప్పింది.

“నువ్వు నేర్పిందే బాపూ. అభ్యంతరం చెప్పినోళ్ళను జనం ముంగట అడగొద్దు, ఇంట్ల అడగొద్దు. గుడి వెనక గదిల కూసోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సంఘ పెద్దను ఒకర్ని పక్కకు పెట్టుకొని అడగాలె. పెండ్లికొడుకును గూడ పిలవాలె. తగిన కారణముంటె పెండ్లి ఆపాలె, లేకుంటె మూడో ప్రకటన చదవాలె.”

“నన్నా?” ఎస్తేరు కత్తిపీట మీద నుంచి లేచింది. “కడుపుల మోసినదాన్ని, పరాయి మనిషి ముంగట కూసోబెట్టి అడుగుతవా?”

“అందరినెట్ల అడుగుతరో నిన్ను గూడ గట్లనే అమ్మా. నిన్ను వేరేగ అడిగితె, రేపు ఇంకొకర్ని అడిగే మొఖం నాకుండదు.”

ఎస్తేరు చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మంచిది. అడుగు. అడిగినంక మాత్రం నన్ననొద్దు.”

*

గుడి వెనక గదిలో గాలి ఆడదు. తెగిన మద్దెల, క్రిస్మసు నక్షత్రాల కట్ట, ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న ప్లాస్టిక్ కుర్చీలు. మంగళవారం సాయంత్రం వాటిలో కొన్నిటిని విడదీసి వేశారు. సంఘ పెద్ద రాయమల్లు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, మీసం దువ్వుకుంటూ ఒకదానిలో కూర్చున్నాడు. అభిషేక్ లోకో షెడ్డు డ్యూటీ దిగి అట్లాగే వచ్చాడు, గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ప్రభుదాసు నోరెత్తనని మాటిచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఇగ మొదలువెట్టున్రి పాస్టరమ్మా,” అన్నాడు రాయమల్లు.

తల్లీ కూతుళ్ళు ఇద్దరూ తలెత్తారు. ఈ గుడి కాంపౌండులో ఇన్నేళ్ళూ పాస్టరమ్మ అంటే ఎస్తేరే మరి. వేరే రోజైతే అందరూ నవ్వేవాళ్ళు.

హెప్సిబా తల్లికి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఎస్తేరు తాగలేదు, పట్టుకుని కూర్చుంది.

“ఆదివారం మీరు అభ్యంతరం తెలిపిండ్రు. దానికి కారణమేందో చెప్పున్రి.”

తల్లిని ‘మీరు’ అనడం హెప్సిబాకు అదే మొదలు. నోరు చేదైంది.

“నా కారణం ఒక్కటే,” అంది ఎస్తేరు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. “ఆ పసిదాని తల్లి సచ్చిపోయింది గని, పిన్ని సావలే. ఇంట్ల పిన్నిని పెట్టుకొని బయట తల్లిని దేవులాడుడు ఏం న్యాయం?”

అక్క పోతే చెల్లెల్ని ఇవ్వడం ఈ ప్రాంతంలో కొత్తా కాదు, తప్పూ కాదు. ఈ సంఘంలోనే మొగిలమ్మ ఇంట్లో అదే, వెంకట్రాజం ఇంట్లో అదే. అయినా ఆ మాట ఆ గదిలో, తన ఎదుటే వినబడేసరికి హెప్సిబాకు చెవుల దాకా వేడెక్కింది. ఏం చేయాలో తోచక, నేర్చుకున్నదే అప్పజెప్పింది.

“ఇది... అభ్యంతరం కిందికి రాదు.”

“రాకుంటె రాకపోనీ. నేనడిగేది నిన్ను గాదు, అల్లుణ్ణి. అయ్యా, నా చిన్నబిడ్డ నీ కండ్లకు ఆనలేదా? దాని చేతుల పసిదాన్ని పెట్టి పోవుడు తెలిసింది గని, ఒక్క మాట అడగబుద్ధి గాలేదా నీకు?”

అభిషేక్ తల వంచుకుని గోళ్ళు చూసుకున్నాడు.

“అడిగిన అత్తమ్మా.”

“ఎవల్ని?”

“మామయ్యను. ప్రసన్న పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టిన్రు గద, ఆ దినం. గీ గదిలనే. హెప్సీకి ఇష్టమైతె షారోనుకు పరాయోళ్ళు రావుడెందుకు అన్న. మామయ్య ఆలోచించి చెప్త అన్నడు. తర్వాత చెప్పిండు, ఆమెకు ఇష్టం లేదు, మల్ల ఈ మాట ఎత్తకు అని. నేనెత్తలే.”

 రాయమల్లు ఒకసారి దగ్గి లేచాడు.

“జర బీడీ తాగొస్త,” అని బయటికి నడిచాడు. ఆయన బీడీ మానేసి చాన్నాళ్ళయింది.

హెప్సిబా కిటికీ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో.

“నన్నెప్పుడు అడిగినవ్ బాపూ?”

ప్రభుదాసు కిటికీ ఊచ పట్టుకుని బయటికే చూస్తున్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతోనే బతికాడు ఆ మనిషి. పెండ్లికూతురును తల్లిదండ్రులు లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టి “నీకు ఇష్టమేనా అమ్మా” అని అడగనిదే ఏనాడూ ప్రకటన చదవలేదు. పరకాలలో ఒకసారి పందిరి వేసి, వంటలు దించాక, పిల్ల తల అడ్డంగా ఊపిందని పెండ్లి ఆపేశాడు. పెండ్లికొడుకు మేనమామలు మీదపడి ఆయన అంగీ చింపారు. చిరిగిన అంగీతోనే బస్సెక్కి ఇంటికొచ్చి, “పోనీ, అంగీయే గద చిరిగింది” అన్నాడు. ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లలనో అడిగినవాడు, కన్నకూతురును అడగలేదు.

“ఊరందరికి శకునం చెప్పే బల్లి తనే కుడితిల పడ్డట్టున్నది,” అంది ఎస్తేరు. పెండ్లయిన నాటినుంచి భర్తను ‘మీరు’ తప్ప అనని మనిషి నోట్లోంచి తరువాతి మాట ఇట్లా వచ్చింది: “నాకన్న చెప్పకపోతివి. రెండేండ్ల సంది అల్లునికి మనసు లేదనుకొని నేను కుమిలి సస్తాన. నువ్వు నా పక్కన్నే పండి నిద్రపోయినవ్.”

అభిషేక్ మెల్లగా తలెత్తాడు.

“అంటె... హెప్సీకి తెల్వనే తెల్వదా?”

 అతను లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

“నేనిప్పుడు శోభకు మాటిచ్చిన,” అన్నాడు. అది ఎవరికి చెప్పాడో అతనికే తెలియాలి. తలుపు దాటి వెళ్ళిపోయాడు.

హెప్సిబా రాయమల్లును లోపలికి పిలిచి, ఆయన కూర్చునేదాకా ఆగింది.

“అభ్యంతరమునకు తగిన కారణము కనబడలేదు. వచ్చే ఆదివారము మూడవ ప్రకటన చదువబడును.”

పుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే చెప్పింది. తన మాటలు ఆ పూట ఆమెకు దొరకలేదు.

*

ఇంటికొచ్చాక ఎస్తేరు షారోనుకు తినిపించి లోపలి గది తలుపు దగ్గరికేసుకుంది. తండ్రీ కూతుళ్ళు అరుగు మీద కూర్చున్నారు. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. పక్కింటి పద్మలత ఎండిన బట్టలు తీస్తూ ఇటు రెండుసార్లు చూసింది.

“అడుగు బిడ్డా. తిట్టు. ఏదన్న అను,” అన్నాడు ప్రభుదాసు.

“ఎందుకడగలే?”

ఆయన చాలాసేపు మోకాళ్ళు నిమురుకున్నాడు.

“నువ్వు వద్దంటవని గాదు. సరే అంటవని భయపడ్డ.”

ఆమెకు అర్థం కాలేదు.

“పాస్టరు చదువు సగంల ఉన్నవ్ అప్పుడు. సెమినరీ హాస్టల్లకెళ్ళి నువ్వు ఫోన్ చేస్తె నీ గొంతుల ఒక సంతోషముండె, నేను అంతకుముందు ఎన్నడు ఇనలే. చిన్నప్పటిసంది నువ్వు ఎవ్వలకు కాదని చెప్పినదానివి గాదు. అక్క పాత గౌనిస్తె తొడుక్కున్నవ్. అక్క సైకిలిస్తె తొక్కినవ్. అక్క పుస్తకాలే చదివినవ్. అక్క మొగణ్ణి ఇస్తె గూడ...”

ఆయన కండువాతో మూతి తుడుచుకున్నాడు.

“నా బిడ్డకు ఒక్కటన్న కొత్తది ఉండాలనుకున్న. గంతే.”

హెప్సిబాకు ఏడుపొచ్చింది. తండ్రి మీద జాలితోనా, తన మీదనా అని తేల్చుకునే ఓపిక కూడా లేకపోయింది. అంత ప్రేమ పెట్టుకుని, అంత తప్పు ఎట్లా చేశాడీయన!

“మంచిగనే అనుకున్నవ్ బాపూ. అడిగి అనుకుంటె ఇంకా మంచిగుండు.”

“అడుగుతె ఏమందువు?”

ఆమె నిజాయితీగానే వెతుక్కుంది. పరకాలలో సువార్త కూటాలు ముగించుకుని వచ్చిన ఒక సాయంత్రం గుర్తొచ్చింది. బస్సులో సీటు దొరక్క, నిద్రపోయిన షారోనును భుజాన వేసుకుని అభిషేక్ దారంతా నిలబడే వచ్చాడు. పిల్ల కాలి చెప్పు జారిపోతుంటే హెప్సిబా కూర్చున్నచోటినుంచే చేయి చాచి పట్టుకుంది. ఆ చిన్న చెప్పును ఒళ్ళో పెట్టుకుని, ఎవరన్నా నన్నడిగితే బాగుండు అనుకుంది. వరంగల్ రాగానే దిగారు. ఆ ఆలోచనా అక్కడే దిగిపోయిందనుకుంది.

“తెల్వది బాపూ. అడగని ప్రశ్నకు జవాబు యాడికెళ్ళి తేవాలె?”

“అయితె ఈ పెండ్లి నువ్వు చెయ్యొద్దు. చేసెటోళ్ళ మనసు ఎటు దిక్కు ఒరగొద్దు. నేనే చేస్త.”

“నీతోని గాదంటివి గద.”

“కాకున్నా చేస్త.”

“వద్దు,” అంది హెప్సిబా. బహుశా ఆ ఇంట్లో ఆమె చెప్పిన మొదటి ‘వద్దు’ అదే. “ఇప్పుడు నేను పక్కకు జరిగితె ఊరంత శోభారాణి పేరే పట్టుకుంటరు. తల్లి లేసింది, చెల్లె తప్పుకున్నది, ఆ పిల్లకే ఏదో లోపమున్నదంటరు. ఆమె ఏం పాపం చేసింది?”

 చేతులు కాలాక ప్రభుదాసు పట్టుకోవడానికి మిగిలిన ఆకు ఒక్కటే, నేర్పడం.

“అయితె ఇను. పుస్తె కట్టేటప్పుడు పిలగాని చేతులు వణుకుతయి, నువ్వు ఆ ముడి దిక్కు చూడకు, ఇంక ఎక్కువ వణుకుతయి. ప్రమాణం మాటలు పొట్టిపొట్టిగ విరిచి చెప్పు, ఎనుక అనెటోళ్ళకు ఊపిరాడాలె. పొద్దు ఉండంగనే ముగించు. నీకు ఏడుపొస్తె...” ఆగాడు. “నీకు ఏడుపొస్తె పుస్తకం మొఖానికి అడ్డం పెట్టుకోకు. అందరికి తెలుస్తది. ప్రార్థన చేద్దామను. అందరు కండ్లు మూసుకుంటరు.”

“నువ్వు గట్లనే చేసినవా? అక్క పెండ్లిల?”

“ఆ,” అన్నాడాయన.

*

పెండ్లికూతురును రెండోసారి కూడా ఒంటరిగా అడగాలి. మొదటిసారి అడిగినప్పుడు అన్నీ కొత్త, సిగ్గుతో తలూపుతారు. రెండోసారి అడిగితే మనసు చెబుతారని ప్రభుదాసు పద్ధతి. శుక్రవారం శోభారాణి తనే వచ్చింది. ట్యూషన్ పిల్లలను పంపేసి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళ మీద చాక్‌పీసు పొడి. ముప్పై దాటిన మనిషి. సండేస్కూలు గదిలో పిల్లల బెంచీ మీదే ఇరుకుగా కూర్చుంది.

“రాయమల్లు తాత బీడీ తాగొస్తనని బయటికొచ్చిన దినమే మాట కాజీపేటకు అందింది,” అంది. నవ్వడానికి ప్రయత్నించింది కానీ కుదరలేదు.

హెప్సిబా అడగవలసిందే అడిగింది.

“శోభారాణీ, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా? ఎవలన్న బలవంతం చేసిండ్రా?”

“ఇష్టమే. అబద్ధమెందుకు పాస్టరమ్మా, చానా ఇష్టం. మా ఇంట్ల చూపులకు వచ్చి పోయినోళ్ళకు లెక్కలేదు. అందరు నన్ను పైనుంచి కిందికి చూసుడే. ఈయన వచ్చిన దినం నన్ను చూడనే లే. షారోను బూటు లేసు ఊడితె కింద కూసొని కట్టుకుంట ఉన్నడు. గది చూసి ఒప్పుకున్న.”

“మంచిది.”

“నేనొకటి అడుగొచ్చా?”

“అడుగు.”

“మీకు ఇష్టముండెనా?”

కిటికీ బయట ఎవరో గుడి మెట్లు కడుగుతున్నారు. బక్కెట్టు ఈడుస్తున్న చప్పుడు వస్తోంది. హెప్సిబాకు ముప్పయ్యొకటో ఏడు నడుస్తోంది. ఈ ప్రశ్న ఆమెను మొట్టమొదట అడిగిన మనిషి ఈమె. తల్లి అడగలేదు, తండ్రి అడగాల్సినప్పుడు అడగలేదు, ఆఖరికి ఆ అడగవలసినవాడూ నేరుగా అడగలేదు. 

“పెండ్లి చేసెటోళ్ళను పెండ్లిపిల్ల గిట్ల అడగదమ్మా.”

“జవాబు చెప్పలే మీరు.”

“చెప్పేది ఏం లేదు.”

శోభారాణి ఆమె ముఖాన్ని చాలాసేపు చూసింది. తరువాత సంచీ భుజాన వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“షారోను పెరుగన్నంల ఉప్పేస్తరా, చక్కెర ఏస్తరా?”

“చక్కెర. జరంత.”

ఆమె వెళ్ళిపోయింది. హెప్సిబా ఆ పిల్లల బెంచీ మీదే తల పెట్టుకుని ఏడ్చింది. ఇంత మంచి మనిషి ఎందుకు కావాలి ఈమె? కాస్త గయ్యాళి అయినా, కాస్త పిసినారి అయినా, తన ఏడుపుకు ఒక దారి ఉండేది.

*

ఆదివారం పొద్దున్నే ఎస్తేరు తెల్లంగీ ఇస్త్రీ చేసి తెచ్చింది. మంగళవారం తరువాత తల్లీ కూతుళ్ళ మధ్య అన్నం తిన్నావా, నీళ్ళు పెట్టానా అన్న మాటలే నడిచాయి. అంగీ తొడిగి, వెనక గుండీలు పెడుతూ, కూతురు ముఖం కనబడకుండా ఎస్తేరు మాట్లాడింది.

“నేను నా కోసం లేసిన మొన్న. పసిది పోతదని, నా ప్రసన్న ఆనవాలు పోతదని. నీ కోసమని చెప్పిన గని, నీ కోసం గాదు. అర్థమయిందా?”

“ఊ.”

“ఈసారి నా అంతల నేను లేవ. నీ మనసుల వాడుంటె, చదివినంక నా దిక్కు చూడు. చూస్తె లేస్త. పెద్దలు ఏమన్ననీ, మీ బాపు ఏమన్ననీ, లేసి నిలబడ్త. చూడకుంటె కూసునే ఉంట, జన్మల ఈ మాట ఎత్త. మీ బాపు అడగలే. నేనడుగుతాన, ఆలిశమైనా.”

“అమ్మా, చదివినంక అందరి దిక్కు చూడాలె. అది పద్ధతి.”

“నీ పద్ధతి చూపు నాకు తెల్వదా, నీ చూపు నాకు తెల్వదా? కన్నదాన్ని,” అంది ఎస్తేరు. ఆఖరి గుండీ పెట్టి, వీపు మీద చేయి ఒక్క క్షణం ఉంచి వెళ్ళిపోయింది.

గుడి నిండిపోయింది. క్రిస్మసుకు కూడా అంత జనం రారు. అభ్యంతరం వచ్చిన పెండ్లికి మూడో ప్రకటన చదివేటప్పుడు ఇద్దరూ గుడిలో ఉండాలని ఈ సంఘం కట్టుబాటు. మగవాళ్ళ వైపు అభిషేక్ షారోనును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో ఎస్తేరు, ఆమెకు రెండు వరుసల వెనక శోభారాణి. ప్రభుదాసు మాత్రం అందరికంటే వెనక, తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. ముందుకొచ్చి కూర్చోమని ఎవరు పిలిచినా రాలేదు.

హెప్సిబా చదివింది. పేర్లు తడబడలేదు. “పరిశుద్ధ వివాహము చేసికొనగోరుచున్నారు” దగ్గర కూడా గొంతు నిలబడింది.

“వీరిరువురు వివాహమగుటకు ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలుపవలెను. ఇది మూడవ ప్రకటన.”

ఇక తలెత్తాలి. ఎవరూ లేవలేదని చదివినవారు తమ కళ్ళతో చూడాలి; చూడకపోతే ఆ ప్రకటన చెల్లదు. ముందు మగవాళ్ళ వైపు చూసింది. అభిషేక్ తల ఎత్తలేదు. షారోను మాత్రం పిన్నిని చూసి చేయి ఊపింది. వెనక తలుపు దగ్గర తండ్రి కనబడ్డాడు. తరువాత ఆడవాళ్ళ వైపు మొదటి వరుస, రెండో వరుస.

మూడో వరుసను దాటేసి నాలుగో వరుసకు పోవచ్చు. ఎవరికీ తెలియదు. దాటేద్దామనే అనుకుంది.

చూసింది. విధికొద్దీ చూసిందా, మనసుకొద్దీ చూసిందా, ఆమెకే తెలియదు. తల్లి కళ్ళు దొరకగానే మాత్రం తన కళ్ళల్లో నీళ్ళు నిండిపోయాయి. ప్రార్థన చేద్దామని అనబోయింది, నోరు రాలేదు. ఎస్తేరు ముందు బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుంది.

కానీ ముందు లేచింది ఎస్తేరు కాదు.

వెనక బెంచీ కిర్రుమంది. ఆడవాళ్ళందరి తలలూ అటు తిరిగాయి. అభిషేక్ కూడా తలెత్తాడు. శోభారాణి, కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుని, హెప్సిబా తడి కళ్ళలోకే చూస్తూ నిలబడి ఉంది.

“నాకున్నది అభ్యంతరం, పాస్టరమ్మా,” అంది.